దశలవారీ చిలక

పాఠ్యపుస్తక చిత్రమండలికి డిజిటల్ పూనకం వచ్చిన ఏడాదే హైమకి రక్తపోటు కూడా వచ్చింది. రెండిటికీ సంబంధం లేదని డాక్టరు అన్నాడు గానీ, ఆయన ఏనాడూ మండలి ఆఫీసు మెట్లెక్కి ఎరగడు.

అంతకుముందు హైమ బతుకు హాయిగానే ఉండేది. కిటికీ పక్కన బల్ల, బల్ల మీద రంగు సీసాలు, గాజుగ్లాసులో కుంచెలు. రాష్ట్రంలో ఏ పిల్ల ఏ పుస్తకం తెరిచినా అందులో ఆవు హైమ వేసిన ఆవే, అరటిపండు హైమ వేసిన అరటిపండే. పైగా ఆ రాబోయే జూన్‌లో ఆవిడ కూతురు ఇందుజ ఒకటో తరగతిలో చేరబోతోంది. ఒకటో తరగతి వాచకం మొదటి పేజీలో పేద్ద చిలక ఉంటుందనీ, అది అమ్మ వేసిన చిలకేననీ ఆ పిల్ల వీధి వీధంతా చాటింపు వేసి వచ్చింది. ఇస్త్రీ బండి ఆయనకి రెండుసార్లు చెప్పింది.

అలాంటి సమయంలో డైరెక్టరు ముదిగొండ పట్టాభిరామయ్యగారు రాజధానిలో ఏదో సదస్సుకి వెళ్ళి, ఒక శాలువా, ఒక జ్ఞాపికతో పాటు డిజిటల్ అనే మాటను కూడా వెంటబెట్టుకొచ్చారు. రాగానే అందర్నీ హాలులో కూచోబెట్టి, ఇకమీదట మండలిలో తడి ఉండరాదని ప్రకటించారు. ఎవరికీ ముక్క అర్థం కాలేదు. మంచినీళ్ళ కుండ తీసేస్తారేమోనని వెనక బెంచీవాళ్ళు గాబరా పడ్డారు. తడి అంటే రంగులనీ, కుంచెలనీ, ఇకపై బొమ్మలన్నీ కంప్యూటర్ మీదే వెయ్యాలనీ తర్వాత తేలింది. హైమ రంగు సీసాలన్నిటినీ పక్కవీధి వినాయకుడి పందిరివాళ్ళకి దానం చేసేశారు.

కంప్యూటరు వచ్చింది. బొమ్మలు గీసే పలకా, దాని పెన్నూ వచ్చాయి. మానిటర్ మాత్రం రాలేదు. స్టోర్సు అధికారి తాడంకి విశ్వపతిగారు, కంప్యూటర్ మొహాలు మన దగ్గర బోలెడున్నాయి కదా అని, గోదాములో మూల పడున్న ఒక పాత మానిటర్ని తడిబట్టతో తుడిపించి తెచ్చి పెట్టించారు. దానికి ఒకే ఒక్క లోపం. ఆకుపచ్చ కనపడదు. తెల్ల కాగితం గులాబీ రేకులా, పసుపుకొమ్ము ఎర్రగా, ఆకులన్నీ వంకాయ రంగులో కనిపించేవి. వెనక తీగ వదులయిందేమో చూద్దామని హైమ చెయ్యి పెట్టబోతే విశ్వపతిగారు ఉరుకున వచ్చి ఆపేశారు. మానిటర్ ముందు భాగం చిత్రకళా విభాగానిదట, వెనక భాగం స్టోర్సుదట. హద్దు దాటరాదని వెనకాల ఒక చీటీ అంటించి లక్కముద్ర వేసి మరీ వెళ్ళారు.

సరే, చెయ్యి తిరిగిన మనిషి కదా, హైమ రంగుల అంకెలు చూసుకుంటూ కళ్ళు మూసుకున్నంత పని చేసి చిలకని వేసింది. పట్టాభిరామయ్యగారు చూడ్డానికొచ్చారు. చాలాసేపు చూశారు.

“చిలక వంకాయ రంగులో ఉందేమమ్మా?”

ఫైల్లో పచ్చగానే ఉందనీ, లోపమల్లా మానిటర్‌దనీ హైమ చెప్పింది.

“అయితే ఆ పచ్చ చిలకని ఎక్కడ చూడాలి?”

“మానిటర్లోనే సార్. కాని ఈ మానిటర్లో కాదు.”

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “ఉండి కూడా కళ్ళకి కనపడనివాడు భగవంతుడొక్కడే. చిలకకి ఆ హోదా ఇవ్వడం మన పరిధిలో లేదు,” అన్నారు. అన్నారే గాని, బొమ్మలు వేసే మనిషికి రంగు తెలియకపోతే ఎలా అని ఆయనకీ ఎక్కడో తగిలినట్టుంది. కొత్త మానిటర్ కోసం అర్జీ పెట్టుకోమన్నారు.

హైమ పొంగిపోయింది. తనకేం కావాలో ఒక్కొక్కటే రాసింది. రంగు ఉన్నది ఉన్నట్టు కనపడాలి. పక్కనుంచి చూసినా రంగు మారకూడదు. తెర అద్దంలా మెరిసి మన మొహమే మనకి చూపించకూడదు. ఇరవైఏడు అంగుళాలుంటే చాలు.

విశ్వపతిగారు ఆ అర్జీని చేతిలో పట్టుకుని తిరగా మరగా చదివారు. ముప్ఫయ్యేళ్ళ ఉద్యోగంలో ఎవరేది అడిగితే అది కొన్న పాపాన పోని మనిషి ఆయన. ఇరవైఏడు అంగుళాలంటే పొడవా వెడల్పా అని అడిగారు. ఐమూలగా అని హైమ చెప్పింది. ఆయనకి ఒళ్ళు మండింది. బల్లని ఐమూలగా కొన్నామా, బీరువాని ఐమూలగా కొన్నామా, ఇవాళ దీన్ని ఒప్పుకుంటే రేపు ఇళ్ళస్థలాలు కూడా ఐమూలగా కొలిచి అంటగడతారు అన్నారు. పక్కనుంచి చూసే అవసరం ఏ ఉద్యోగికి ఎందుకొస్తుందన్నారు. ఎవరి పని వాళ్ళు ఎదురుగా చూసుకోక, పక్కనుంచి చూడ్డమేమిటన్నారు. ఇక తెర మెరవకూడదన్న ముక్క దగ్గర ఆయన గొంతు నిజంగానే బాధగా మారిపోయింది. ప్రభుత్వ సొమ్ము పెట్టి మెరవని వస్తువు కొంటే ఆడిట్‌వాళ్ళకి ఏం చెప్పుకోవాలని ఆయన బాధ.

అయినా ఎంపిక సంఘం ఏర్పడింది. అందులో పట్టాభిరామయ్యగారు అధ్యక్షులు, విశ్వపతిగారు కార్యదర్శి, హైమ సభ్యురాలు. ఐదు దుకాణాలవాళ్ళు మానిటర్లు పట్టుకొచ్చి చూపిస్తామన్నారు. విశ్వపతిగారు ససేమిరా అన్నారు. దానికో కథ ఉంది. ఒకప్పుడు కుర్చీలు కొనడానికి నమూనాలు తెప్పిస్తే, అవి ఎలా ఉన్నాయో చూద్దామని సంఘంవాళ్ళు కూచున్నారు. నిర్ణయం తీసుకునే లోపల కుర్చీలు అరిగిపోయాయి. అప్పట్నుంచీ సరుకును చూడకుండానే కొనాలన్నది మండలి ఆచారం.

“చూసి కొంటే నచ్చి కొన్నట్టు లెక్క. నచ్చి కొంటే పక్షపాతం చూపినట్టు లెక్క,” అని ఆయన హైమకి పాఠంలా చెప్పారు. “చూడకుండా కొన్నదే నిష్పక్షపాతమైన కొనుగోలమ్మా.”

మరి రంగు ఎలా తెలుస్తుందని హైమ అడిగింది. దానికీ ఆయన దగ్గర ఉపాయం ఉంది. దుకాణాలవాళ్ళు తమ తమ మానిటర్లలో చిలక బొమ్మ పెట్టి, ఫొటో తీసి పంపాలి. సంఘం ఆ ఫొటోలను చూసి నిర్ణయిస్తుంది. ఎక్కడ చూస్తుంది? ఆఫీసులో ఉన్నది ఒకటే మానిటర్ కదా, అందులోనే చూస్తుంది.

సంఘం సమావేశమైంది. టీ వచ్చింది, సమోసా వచ్చింది, ఫొటోలు ఒక్కొక్కటే తెరమీదికి వచ్చాయి. మొదటి చిలక వంకాయ రంగు. రెండోది వంకాయ రంగు. మూడోది కొంచెం ముదురు వంకాయ. ఐదూ అయ్యేసరికి పట్టాభిరామయ్యగారు వెనక్కి వాలి, లోకంలో ఉన్న మానిటర్లన్నిటికీ ఇదే జబ్బు ఉన్నట్టుందే అని నిట్టూర్చారు. హైమ ఉండబట్టలేక, మసి పట్టిన అద్దంలో ఎవరు చూసుకున్నా మొహం మసిగానే ఉంటుంది కదండీ అంది. అద్దాల కొనుగోలు ఈ సమావేశ పరిధిలోకి రాదని విశ్వపతిగారు రాసుకున్నారు. చివరికి, కొత్తవి ఐదూ పాతదానితో సరిసమానంగా ఉన్నట్టు రుజువైనందున పాతదే ఉత్తమమని తీర్మానమైంది.

ఐదుగురిలో ఒక దుకాణదారు మాత్రం మొండివాడు. తన సరుకును వంకాయతో పోల్చారన్న మాట చెవిన పడి రోషం పుట్టింది. మానిటర్ని ఆటోలో వేసుకొచ్చి, ఆఫీసు గేటు ఎదురుగా టీకొట్టు బల్ల మీద పెట్టి, టీకొట్టు ప్లగ్గులోనే కరెంటు పెట్టాడు. హైమ పరిగెత్తుకెళ్ళి చిలక ఫైలు అందులో తెరిచింది.

చిలక పచ్చగా మెరిసింది. అమ్మో, ఏం పచ్చ అది! రెక్క దగ్గర లేత, మెడ దగ్గర ముదురు, ముక్కు దొండపండులా ఎర్రగా. తన చేత్తో వేసిన బొమ్మని హైమ చూడ్డం అదే మొదటిసారి. కళ్ళమ్మట నీళ్ళు వచ్చేశాయి. టీ తాగుతున్నవాళ్ళు కూడా గ్లాసులు పట్టుకుని చుట్టూ చేరారు. పట్టాభిరామయ్యగారిని బతిమాలి గేటు దాకా తీసుకొచ్చింది. ఆయన చూశారు. లోపలికెళ్ళి పాతదాన్ని చూసి వచ్చారు. మళ్ళీ దీన్ని చూశారు.

“ఆఫీసులో ఉన్నదొకటి, ఇది చూపించేదొకటి. అమ్మా, ఆఫీసుతో ఏకీభవించని వస్తువుని నమ్మి మనం లోపలికెలా తెచ్చుకుంటాం?” అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు, జాలి ఉంది. దుకాణదారు మానిటర్ని సర్దుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు పాతదానికి ‘ప్రామాణిక మానిటర్’ అని హోదా వచ్చింది. పక్కన ఒక ఫ్యాను కూడా పెట్టారు.

హైమ అప్పటికీ ఆశ వదులుకోలేదు. ప్రెస్సువాళ్ళకి వెళ్ళేది ఫైలు కదా, ఫైల్లో చిలక పచ్చగానే ఉంది కదా అని ధైర్యం. అలాగే ప్రెస్సు నుంచి పచ్చ చిలకతో నమూనా పేజీ వచ్చింది. పట్టాభిరామయ్యగారు దాన్ని ప్రామాణిక మానిటర్ పక్కన పెట్టి చూసి నిప్పులు చెరిగారు. తాము ఆమోదించినది వంకాయ చిలకని. ఎవరినడిగి పచ్చ వేశారని ప్రెస్సుని నిలదీశారు. తెరమీద ఆమోదించిన రంగే పుస్తకంలో ఉండాలన్నది నియమం. నియమం మంచిదే, ఎవరూ కాదనలేరు. ప్రెస్సువాళ్ళు రంగులు కలిపి కలిపి చివరికి సరిగ్గా గుత్తివంకాయ రంగు పట్టుకున్నారు.

కనీసం పుస్తకం మీద తన పేరైనా తీసెయ్యమని హైమ బతిమాలుకుంది. రేపు తప్పు జరిగితే బాధ్యులెవరో తెలియాలి కాబట్టి పేరు ఉండి తీరాలని విశ్వపతిగారన్నారు. ఆమాటకొస్తే పేరుని ఇంకొంచెం పెద్ద అక్షరాల్లో వేయించారు. పాటలు రాసే విభాగం వాళ్ళు మాత్రం గట్టివాళ్ళు, ఎంత సేపో పట్టలేదు. ‘పచ్చపచ్చని చిలకమ్మా’ అన్న చోట ‘వంగపండు చిలకమ్మా’ అని దిద్దేసి, తాళం కూడా బాగా కుదిరిందని మురిసిపోయారు.

జూన్ వచ్చింది. ఇక చూడండి వైభవం.

పంతుళ్ళకి శిక్షణ తరగతులు పెట్టారు. పాత చిలకను మరిచిపోవడం ఎలాగన్నది అందులో ముఖ్య పాఠం. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నట్టు, వచ్చిన అధికారులందరూ చిలకది ముందునుంచీ ఈ రంగేనని చెప్పారు. బడిగోడల మీద చెట్లన్నిటికీ వంకాయ రంగు వేశారు. కూరగాయల పాఠంలో దొండకాయ, బెండకాయ, వంకాయ మూడూ ఒకటే రంగులో ఉండటంతో పిల్లలు తేడా చెప్పలేకపోతే, తేడాలు చూపడం మంచి సంస్కారం కాదని పంతుళ్ళు సర్దిచెప్పారు. బట్టలకొట్లో చిలకపచ్చ చీర అడిగితే, పాత చిలకా పుస్తకం చిలకా అని ఎదురడగడం మొదలైంది. పట్టాభిరామయ్యగారి భార్య చిలకపచ్చ చీర తెమ్మంటే ఆయన నిబంధనల ప్రకారం వంకాయ రంగు చీర పట్టుకెళ్ళారు. ఆ వారం ఆయన భోజనం క్యాంటీన్లోనే చేశారని వినికిడి.

అందరికంటే ఎక్కువ దెబ్బ తిన్నది బస్టాండు దగ్గర కూచునే చిలకజోస్యం సుబ్బదాసు. బడిపిల్లలు వచ్చి, అది చిలక కాదని ఎగతాళి చెయ్యడంతో బేరాలు పడిపోయాయి. పాపం అతను చూసి చూసి, తన చిలకకి వంకాయ రంగు గుడ్డతో చిన్న చొక్కా కుట్టించాడు. చిలకకి ఆ చొక్కా గిట్టలేదు. చీటీ తీయమంటే చొక్కా గుండీలు పీక్కుంటూ కూచునేది.

ఇందుజ బడికి వెళ్ళిన మొదటి నెల తిరిగేలోపే ఒకరోజు హైమ ఆ పిల్లని బస్టాండు మీదుగా తీసుకొస్తోంది. ఎండకి సుబ్బదాసు చిలక చొక్కా విప్పి ఆరేశాడు. పంజరంలో అది నిగనిగలాడుతూ కూచుంది. హైమకి ప్రాణం లేచొచ్చింది. చూడవే, నిజం చిలక అని చూపించింది. ఇందుజ దగ్గరికెళ్ళి చూసి తల అడ్డంగా ఊపింది.

“అది చిలక కాదమ్మా. రంగేసిన పిట్ట. నువ్వేసిందే అసలు చిలక,” అంది. అని, అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుని గర్వంగా నడిచింది.

ఆఫీసువాళ్ళు ఏం చేసినా ఓర్చుకుంది గానీ, తన కూతురు తన మీద నమ్మకంతోటే నిజాన్ని కాదనడం ఆవిడ తట్టుకోలేకపోయింది. మర్నాడు నేరుగా వెళ్ళి, ఈ చిలకని మార్చకపోతే ఉద్యోగం మానేస్తానంది. పట్టాభిరామయ్యగారు విశ్వపతిగారి వైపు చూశారు. విశ్వపతిగారే అన్నారు.

“కందకు లేని దురద కత్తిపీటకెందుకమ్మా? మా మీద ఒక్క చిలకైనా ఫిర్యాదు పెట్టిందా?”

ఉద్యోగం మానెయ్యడమంటే మాటలా? ఇంటద్దె ఉంది, బడి ఫీజు ఉంది. హైమ నోరు మూసుకుని తన బల్ల దగ్గరికి వచ్చి వంకాయ రంగు ఏనుగుని వేసుకుంది. ఏనుగు కాబట్టి పెద్దగా బాధ అనిపించలేదు.

దసరా వచ్చింది. మండలిలో ఆయుధపూజ ఏటా ఘనంగా చేస్తారు. ఆఫీసు జీపు, జిరాక్సు మిషను, పంచింగ్ మిషను అన్నిటికీ పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయలు కట్టి, గుమ్మడికాయ కొడతారు. ఆ ఏడు అగ్రపూజ ప్రామాణిక మానిటర్‌ది. తెరమీద ఒకటో తరగతి చిలకని పెట్టారు. పట్టాభిరామయ్యగారు పట్టుపంచె కట్టుకొచ్చి, తెర నాలుగు మూలలా గంధం బొట్లు పెట్టి, బరువైన బంతిపూల దండ వెయ్యబోయారు. దండ జారిపోతోంది. గట్టిగా అదిమితే నిలుస్తుందని మానిటర్ని రెండు చేతులతో గోడకేసి నొక్కారు.

వెనక తీగ టక్కుమని కూచుంది.

చిలక పచ్చబడింది. హారతిపళ్ళెం పట్టుకున్న చెయ్యి అలాగే నిలిచిపోయింది. గంట కొడుతున్న మనిషి గంట ఆపేశాడు. హైమ ఒక్కతే నవ్వు ఆపుకోలేక చెంగు నోటికడ్డం పెట్టుకుంది. పూజలో అపచారం ఏదో జరిగిందని పట్టాభిరామయ్యగారు ముందు లెంపలేసుకున్నారు. విశ్వపతిగారికి మాత్రం అనుమానం వచ్చింది. వెనక భాగం తన పరిధి కదా, వంగి చూశారు. లక్కముద్ర చిట్లింది. తీగని కాస్త వెనక్కి లాగారు. వంకాయ. ముందుకి తోశారు. పచ్చ. లాగారు, తోశారు, లాగారు, తోశారు. పసిపిల్లాడికి గిలక్కాయ దొరికినట్టయింది ఆయనకి. చివరికి పట్టాభిరామయ్యగారే ఆపమన్నారు.

తలుపులు వేసుకుని అత్యవసర సమావేశం పెట్టారు. హైమకి నోట్లో తేనె పోసినట్టుంది. ఇక దాచడానికేముంది, తప్పు ఒప్పుకుని పుస్తకాలు మారుస్తారు అనుకుంది. పట్టాభిరామయ్యగారు కిటికీలోంచి బయటికి చూశారు. బయట వేపచెట్టు పచ్చగా ఊగుతోంది. ఆయన చూపు దానిమీద నిలవలేక పక్కకి జరిగింది.

“తప్పని ఒప్పుకోవడానికి నిమిషం పట్టదు. కాని పసివాళ్ళ మనసులు సున్నితం కదా,” అన్నారు. “నిన్నటిదాకా వంకాయలా ఉన్న చిలక తెల్లారేసరికి పచ్చబడితే, వాళ్ళకి విద్య మీదే గురి పోతుంది. కాబట్టి సత్యాన్ని మనం దశలవారీగా ప్రవేశపెడదాం.”

పథకం వివరించారు. ఇప్పుడు ఒకటో తరగతి చదివే పిల్లలకి పైఏడు, రెండో తరగతి పుస్తకంలో చిలక పది శాతం పచ్చబడుతుంది. మూడో తరగతిలో ఇరవై. అలా ఏటా పదేసి శాతం చొప్పున, పిల్లలు బెదరకుండా, చాటుగా. పదో తరగతికి తొంభై శాతం. పూర్తి పచ్చ చిలక కాలేజీకి వెళ్ళాకేనని పంతుళ్ళకి మాత్రం సర్క్యులర్ పంపుతారు. మిగతా పది శాతమో అని హైమ అడిగింది. అది ఇంటర్మీడియట్ బోర్డు చూసుకుంటుందని, అన్నీ మనమే చేస్తే వాళ్ళకేం మిగులుతుందని విశ్వపతిగారన్నారు.

ఇక్కడే ఒక చిక్కు వచ్చింది. పది శాతం పచ్చకీ ఇరవై శాతం పచ్చకీ తేడా తెలియాలంటే, రంగుని వెంట్రుకవాసి కూడా తేడా లేకుండా చూపే మానిటర్ కావాలి. తప్పు రంగే గాని కచ్చితంగా ఉండాలి. అంతే, అన్నాళ్ళూ కదలని ఫైలు పొద్దు వాలేలోపల కదిలింది. దేశంలోకెల్లా మేలైన మానిటర్ని హైమే స్వయంగా వెళ్ళి, చూసి, నచ్చి కొనుక్కురావచ్చని ఉత్తర్వు వచ్చింది. అత్యవసర పక్షపాతం అని దానికి విశ్వపతిగారు కొత్తగా పేరు కూడా పెట్టారు. ప్రెస్సువాళ్ళు ఇకమీదట ఆ కొత్తదాని ప్రకారమే ముద్రించాలి. ఆమోదం మాత్రం పాతదాని మీదే. పాతదాన్ని మార్చితే ఇన్నాళ్ళూ దానిమీద పెట్టిన సంతకాలన్నీ చెల్లకుండా పోతాయి కదా. అందుకని తీగని మునుపటంత వదులుగా లాగి, మళ్ళీ లక్కముద్ర వేశారు.

హైమ మర్నాడు దుకాణానికి వెళ్తూ వెళ్తూ దారిలో రెండు తమలపాకులు, ఒక పసుపుకొమ్ము, ఒక పండుమిరపకాయ కొని చేతిసంచిలో వేసుకుంది. దుకాణదారు ఆవిణ్ణి గుర్తుపట్టాడు, ఆటోలో వచ్చిన రోషగాడే. వరసగా మానిటర్లు వెలిగించాడు. ఆవిడ ఒక్కో తెరమీదా తమలపాకు బొమ్మ పెట్టి, పక్కనే నిజం ఆకు పట్టుకుని చూసింది. ఒకదానిలో ఆకు నూనె రాసినట్టు మరీ మెరిసిపోతోంది. అది సినిమాలు చూసేవాళ్ళకండీ, రంగులు లేనిపోనివి కలుపుతుంది అని అతనే ఒప్పుకున్నాడు. ఒకదానిలో పక్కకి జరిగితే ఆకు వెలిసిపోతోంది. ఒకదానిలో ఆకు కన్నా ముందు తన మొహం కనిపించింది. నాలుగోదాని దగ్గర ఆకుని తెరకి ఆనించి కళ్ళు చికిలించింది. ఏది ఆకో ఏది బొమ్మో తెలియలేదు. పసుపు పసుపులా, మిరప మిరపలా ఉంది. ఇది చాలు అంది. పెళ్ళిచూపుల్లో కూడా తను ఇంత గట్టిగా ఇది చాలు అనుకున్నట్టు ఆవిడకి గుర్తు లేదు.

కొత్త మానిటర్ ముందు కూచుని హైమ తన చిలకని మొట్టమొదట పూర్తి పచ్చగానే మళ్ళీ వేసింది, దాన్నుంచి లెక్క ప్రకారం రంగు తగ్గించుకుంటూ పోదామని. ఆరోజు బడికి ఒంటిపూట. ఇందుజ నేరుగా ఆఫీసుకొచ్చి, బల్ల పక్కన నించుని, తెర వంక చూసింది. చూసిన వెంటనే రెండు చేతులతో కళ్ళు మూసుకుంది.

ఏమైందే అని హైమ కంగారుపడింది.

“ఇది కాలేజీ చిలక కదమ్మా,” అంది ఇందుజ, కళ్ళ మీంచి చేతులు తియ్యకుండానే. “టీచరు చెప్పింది. నేనింకా ఒకటో తరగతే. చూడకూడదు.”

హైమ ఆ చేతుల వంక చూసింది. వేళ్ళ సందుల్లోంచి పిల్ల కొంచెం చూస్తోంది, మళ్ళీ భయపడి మూసుకుంటోంది. పచ్చ చిలకని దొంగచాటుగా చూడాల్సిన గతి పట్టిందా నా తల్లికి అని హైమకి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఆవిడ ఇక లెక్కలు వెయ్యలేదు. రంగు తగ్గించలేదు. ఆ పూర్తి పచ్చ చిలకనే తీసి రెండో తరగతి పేజీలో పెట్టేసింది. ఉద్యోగం పోతే పోయిందనుకుంది.

ఆమోదం రోజు వచ్చింది. పట్టాభిరామయ్యగారు కళ్ళజోడు పెట్టుకుని ప్రామాణిక మానిటర్ ముందు కూచున్నారు. తెరమీద చిలక, ఎప్పటిలాగే గుత్తివంకాయ.

“పది శాతం పచ్చ వేశావా అమ్మా?”

“వేశాను సార్. కొంచెం ఎక్కువే పడిందేమో కూడా,” అంది హైమ. అబద్ధం ఆడటం ఆవిడకి చేతకాదు.

ఆయన మొహం తెరకి ఆనించి చూశారు. విశ్వపతిగారూ వంగి చూశారు. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. ఎక్కడా పచ్చ ఛాయ కూడా లేదు.

“చూశారా విశ్వపతీ,” అన్నారు పట్టాభిరామయ్యగారు, పెన్ను తీస్తూ. “ఉంది, కాని కంటికి ఆనడం లేదు. సత్యాన్ని ప్రవేశపెట్టడమంటే ఇదీ.” సంతకం పెట్టేసి, ఇంత సున్నితమైన పనితనానికి హైమని అభినందిస్తూ నాలుగు మాటలు కూడా చెప్పారు.

మళ్ళీ జూన్‌లో పుస్తకాలు వచ్చాయి. రెండో తరగతి పుస్తకంలో చిలక పచ్చగా భగ్గుమంటోందని ఎవరో ఫిర్యాదు చేశారు. విశ్వపతిగారు పద్ధతి తప్పని మనిషి. ఆ పేజీని ఫొటో తీసి, ప్రామాణిక మానిటర్లో పెట్టి, పరిశీలించి, వంకాయ రంగులోనే ఉందని ధ్రువీకరించి, ఫిర్యాదుదారుని కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళమని సలహా ఇచ్చారు.

ఆ సాయంత్రం ఇందుజ కొత్త పుస్తకం పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. హైమ పొయ్యి దగ్గర గోంగూర వేయిస్తోంది. పిల్ల పీట మీద కూచుని పుస్తకం తెరిచింది. ఉలిక్కిపడి పేజీ మీద అరచెయ్యి అడ్డం పెట్టింది. ఒక వేలు తీసింది. ఇంకో వేలు తీసింది. తర్వాత చెయ్యే తీసేసింది.

“అమ్మా,” అంది, “నేనప్పుడే కాలేజీకి వచ్చేశానా?”

“వచ్చేశావు తల్లీ,” అంది హైమ, గరిటె పక్కన పెట్టి ఆ పిల్ల పక్కన కూలబడుతూ. “మా ఆఫీసువాళ్ళే ఇంకా ఒకటో తరగతిలో ఉండిపోయారు.”